వాడు నిన్ను చూశాడనుకోకు

అమ్మలూ,

ఇరవై ఒక్క అడుగుల పాత పడవ దొరికిందనీ, స్నేహితులు ఇద్దరితో కలిసి విశాఖ నుంచి భీమిలి దాకా తెరచాప మీదే వెళ్లి రావాలనుకుంటున్నామనీ, అది బాగా సాగితే కాకినాడ దాకా రాత్రి ప్రయాణం కూడా చేస్తామనీ చెప్పావు. మీ నాన్నకు భయం, మీ అమ్మకు కోపం. కిరందుల్ కొండల్లో పెరిగిన పిల్లకు సముద్రం పిచ్చేమిటని మీ నాయనమ్మ నన్నే తిడుతోంది, ఆ పిచ్చి నా రక్తంలోంచే వచ్చిందట. నేను మాత్రం నిన్ను వద్దనను. 2017 సెప్టెంబర్ 10న గోవాలో ‘తారిణి’ ఎక్కి ప్రపంచం చుట్టి, 2018 మే 21న మళ్లీ గోవాలో దిగిన ఆరుగురు నౌకాదళ అమ్మాయిల్లో స్వాతి విశాఖ పిల్ల, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ పిల్ల. ఈ మాట చెబితే మీ నాయనమ్మ కాసేపు నోరు మూసుకుంది. అయితే వాళ్లది 17 మీటర్ల పడవ, వెనక నౌకాదళం ఉంది. నీది ఆరున్నర మీటర్లు, వెనక మేమున్నాం. అందుకే ఈ ఉత్తరం.

ఈత గురించీ, లైఫ్ జాకెట్ గురించీ నేను చెప్పను. అవి నీకు నేర్పినవాళ్లు ఉన్నారు. నేను చెప్పేది ఒకటే విషయం. నీ పడవను పెద్ద ఓడ చూడాలి. చూసేట్టు చేయడం ఓడవాడి పని కాదు, నీ పని.

ఈ మాట నేను ఎందుకు చెబుతున్నానో నీకు తెలుసు. మన బైలాడీలా కొండ మీద తవ్విన ఇనుప రాయి అరవైల చివరి నుంచీ కొత్తవలస–కిరందుల్ లైను మీద అరకు సొరంగాలు దాటి విశాఖలో దిగుతోంది. 1976లో ఔటర్ హార్బర్ తెరిచాక లక్ష టన్నులకు పైబడి మోసే ఓడలు కూడా దానికోసం వచ్చేవి. అలాంటి ఓడల బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, కాపలా కాయడమే నా ఉద్యోగం. నువ్వు కిరందుల్ ఇంట్లో పడుకుని రాత్రంతా విన్న గూడ్సు బండి మోత ఉంది చూడు, ఆ బండిలోని రాయి ఎక్కేది సరిగ్గా నీ పడవకు ఎదురయ్యే ఓడలోకే. కింద నీళ్ల మీది నుంచి ఓడ ఎలా కనిపిస్తుందో నువ్వు చూస్తావు. ఓడ పై నుంచి నువ్వు ఎలా కనిపిస్తావో, అసలు ఎంత కనిపించవో నేను చెబుతాను.

ఖనిజం ఓడకు బ్రిడ్జి వెనక చివర ఉంటుంది. ముక్కు రెండు వందల మీటర్లకు పైగా ముందు. రాయి నింపుకుని వెళ్లేటప్పుడు ఓడ నీళ్లలో బాగా దిగుతుంది, అప్పుడు ముందు చూపు కాస్త నయం. రాయికోసం ఖాళీగా విశాఖ వచ్చేటప్పుడు ముక్కు పైకి లేచి ఉంటుంది, దాని ముందు ఏముందో బ్రిడ్జికి కనిపించదు. ఓడ ముందు రెండు ఓడల పొడవు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంత మేర నీళ్లు కనపడకపోయినా అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకుంటాయి. అంటే ఓడ ముక్కుకు ముందు అర కిలోమీటరు లోపల నువ్వు ఉంటే, ఆ ఓడకు నువ్వు లేనట్టే. వాడు చూడాల్సింది అంతకు చాలా ముందే చూసెయ్యాలి.

ఇక వేగం. ఖనిజం ఓడ 13 నాట్లతో నడుస్తోందనుకో, ఒక నాటికల్ మైలు దాటడానికి నాలుగున్నర నిమిషాలు పడుతుంది. కంటైనర్ ఓడ 20 నాట్లు పోతే మూడే నిమిషాలు. పన్నెండు మీటర్ల లోపు పడవకు ఎర్ర, పచ్చ దీపాలు ఒక మైలు దూరం కనిపిస్తే చాలని రూలు. మైలు దూరంలో నీ దీపం కనపడ్డ మరుక్షణమే వాడు దాన్ని పోల్చుకుని, చుక్కాని తిప్పమని చెప్పి, అంత పెద్ద ఓడ నెమ్మదిగా ముక్కు తిప్పడం మొదలుపెట్టాలి. ఇదంతా ఆ మూడు నాలుగు నిమిషాల్లోనే జరగాలి. అందుకని రూలులో రాసిన కనీసం నీకు సరిపోదు. రెండు మైళ్లకు తగ్గకుండా కనిపించే దీపమే కొను.

ఏడు మీటర్ల లోపు తెరచాప పడవకు ఆ రూలులో ఒక వెసులుబాటు ఉంది. దీపాలు పెట్టడం కుదరకపోతే ఒక టార్చో లాంతరో చేతికి అందేలా ఉంచుకుని, ఢీకొట్టే ప్రమాదం రాకముందే చూపిస్తే చాలు. నీది ఆరున్నర మీటర్లు కాబట్టి మీ స్నేహితుల్లో ఎవరో ఒకరు ఈ వెసులుబాటు చూపించి డబ్బు మిగుల్చుకుందాం అంటారు. ఒప్పుకోకు. టార్చి చూపించాలంటే ఓడ వస్తోందని ముందు నీకు తెలియాలి. నిద్రమత్తులో, వాంతులతో, వానలో తెలుస్తుందని నమ్మకం ఏమిటి?

తెరచాప మీద వెళ్లేటప్పుడు ఎడమకు ఎరుపు, కుడికి పచ్చ, వెనక్కి తెలుపు. ఈ మూడూ ఒకే లాంతరులో కలిపి తెరచాప కొయ్య చిట్టచివర పెట్టుకోవడానికి 20 మీటర్ల లోపు తెరచాప పడవలకు అనుమతి ఉంది. నీకు అదే మంచిది. కింద డెక్కు అంచుల్లో పెట్టిన దీపాలు పడవ గాలికి ఒరిగినప్పుడు ఒకటి నీళ్లలోకి చూస్తుంది, రెండోది ఆకాశంలోకి చూస్తుంది, ముందు తెరచాప వచ్చి ఇంకొంత కప్పేస్తుంది. కొయ్య మీది దీపాన్ని కెరటం కప్పలేదు. కానీ ఇంజన్ స్టార్ట్ చేశావా, ఆ మూడు రంగుల లాంతరు ఆర్పెయ్యాలి. అప్పుడు నువ్వు మరపడవవే. కింది ఎర్ర, పచ్చ దీపాలు, వాటి పైన తెల్లదీపం వెలగాలి. ఈ రెండు వరసలూ ఒకేసారి వెలిగించి తిరిగే పడవలు చాలా చూశాను. బ్రిడ్జి మీది వాడికి అవి రెండు పడవల్లా కనిపిస్తాయి, ఏది ఎటు పోతోందో తేలదు.

దీపాలు ఎల్‌ఈడీవే పెట్టు. పాత రకం 25 వాట్ల బల్బు 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు ఆంపియర్లు లాగుతుంది. తెల్లారేసరికి చిన్న బ్యాటరీ చచ్చిపోతుంది, లేదా బ్యాటరీ మిగుల్చుకోవాలని నువ్వే ఆర్పేస్తావు. నాసిరకం ఎల్‌ఈడీ మాత్రం కొనకు. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా పక్కన పెడితే కొన్ని దీపాలు రేడియోను మింగేస్తాయి. 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ దీనిమీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. బిగించాక దీపం వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి రేడియో విని చూసుకో.

పడవ చుట్టూ రంగురంగుల మెరుపు దీపాలు చుట్టే ఫ్యాషన్ ఒకటి ఈ మధ్య కనిపిస్తోంది. పెళ్లి పందిరికి పెట్టుకోమను. సముద్రంలో ఎరుపుకు ఒక అర్థం, పచ్చకు ఒక అర్థం. ఎరుపు మీద ఎరుపు అంటే ఓడ అదుపులో లేదని. తెలుపు మీద ఎరుపు ఉంటే వల వేసిన బోటు. తెలుపు మీద పచ్చ ఉంటే వల ఈడుస్తున్న ట్రాలరు. ఈ రెండూ విశాఖ ముందు రోజూ కనిపిస్తాయి, దూరంగా తప్పుకో. నువ్వు అలంకారానికి వేసుకున్న దీపం ఇంకేదో చెప్పేస్తే వాడు దానికి తగ్గట్టే తప్పుకుంటాడు, అంటే తప్పు వైపుకు.

విశాఖకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బీచ్ రోడ్డు నుంచి కైలాసగిరి దాకా ఒడ్డంతా దీపాలే. సముద్రం మీద నుంచి లోపలికి వచ్చే ఓడకు నువ్వు ఆ దీపాల ముందు ఉంటే, నీ తెల్లదీపం వీధి దీపాల్లో ఒకటై పోతుంది. ఒడ్డుకు దగ్గరగా ఉంటే క్షేమం అనుకుంటారు. ఓడల నుంచి క్షేమమే, హార్బర్ నోటి దగ్గర మాత్రం కాదు. అక్కడ టార్చి తీసి తెరచాప మీదికి వెయ్యి. తెల్ల గుడ్డ అంతా వెలుగుతుంది, ఏ వీధి దీపానికీ అంత వెడల్పు ఉండదు. ఓడ ఇంకా తిన్నగా వస్తూనే ఉంటే అప్పుడు టార్చిని బ్రిడ్జి వైపు తిప్పి ఐదు సార్లు గబగబా వెలిగించి ఆర్పు. ‘నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు’ అని దాని అర్థం, ప్రతి ఓడవాడికీ తెలుసు. ఎర్ర ఫ్లేర్ మాత్రం ప్రాణం మీదికి వచ్చినప్పుడే. ‘ఇక్కడున్నాను’ అని చెప్పడానికి తెల్ల ఫ్లేర్ ఉంది, అది ఉంచుకో.

పగలు కనిపిస్తాంలే అని మీరు అనుకుంటారు. గాలి కాస్త పెరిగి నీళ్ల మీద నురుగు లేస్తే తెల్ల తెరచాప తెల్ల నురుగులో కలిసిపోతుంది. తెరచాప పైభాగాన నారింజ రంగు గుడ్డ ఒక గజం కుట్టించు. టోపీలు, జాకెట్లు కూడా ఆ రంగువే. నీలం రంగు ఫొటోల్లో అందంగా ఉంటుంది గానీ సముద్రంలో అది దాక్కునే రంగు. ఇంకొకటి, మన తీరాన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున విశాఖ నుంచి బయటికి పోయే ఓడకు ఎండ తిన్నగా కళ్లలోనే. ఆ మెరుపు దారిలో ఉన్న పడవ ఎవడికీ కనపడదు. సాయంత్రం లోపలికి వచ్చే ఓడకు పడమటి ఎండ అదే పని చేస్తుంది. ఆ వేళల్లో ఓడకూ సూర్యుడికీ మధ్యలో ఉండకు.

ఇప్పుడు రాడార్. బ్రిడ్జి మీద అది ఉంది కదా, చీకటైనా మంచైనా పట్టేస్తుందని చదువుకున్నవాళ్లే అంటారు. నీ పడవ ఫైబర్‌ది. రాడార్ తరంగం ఫైబర్‌లోంచి, తెరచాపలోంచి చాలా మటుకు దూరిపోతుంది. తిరిగి వచ్చేది అంతంతమాత్రం. సముద్రం కాస్త కదిలినా ప్రతి కెరటమూ తెర మీద చుక్క పెడుతుంది. ఆ చుక్కల గోల తగ్గించడానికి ఒక మీట ఉంటుంది. కాపలా అధికారి దాన్ని తిప్పగానే కెరటాలతోపాటు నువ్వూ తుడుచుకుపోతావు. అతను తప్పేమీ చేయలేదు. కెరటం కంటే నువ్వు గట్టిగా కనపడకపోవడమే ఇబ్బంది.

రాత్రి మన వైపు గీదం రోడ్డు మీద సైకిల్‌వాడు ఖనిజం లారీకి ఎలా కనిపిస్తాడు? వెనక మడ్గార్డుకున్న ఎర్ర బిళ్లతో. ఆ బిళ్లలో చిన్న చిన్న మూలలుంటాయి. మూడు పలకలు ఒకదానికొకటి నిలువుగా కలిసిన మూల, వెలుగు ఎటు నుంచి వచ్చినా వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. పడవకు కట్టే రాడార్ రిఫ్లెక్టర్ లోపల ఉన్నదీ అదే కిటుకు, కాకపోతే పలకలు లోహానివి, పెద్దవి. పెద్దవి అన్న మాట ఇక్కడ ప్రాణం. పలక అంచు రెండింతలైతే తిరిగి వచ్చే బలం పదహారింతలు అవుతుంది. సగమైతే పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే అందంగా, సన్నగా, గొట్టంలా ఉండే రకం చూపించి దుకాణంవాడు ఏం చెప్పినా కొనకు. మూల నుంచి మూలకు 40 సెంటీమీటర్లకు తగ్గని పలకలది కొను. పలకలు సరిగ్గా నిలువు కోణంలో ఉండాలి. కాస్త వంగినా పనితనం పోతుంది కాబట్టి దాని మీద ఎవరూ కూర్చోకుండా చూసుకో. కట్టేటప్పుడు వాన పడితే నీళ్లు నిలిచే గుంట ఒకటి తిన్నగా పైకి ఉండేలా, నీటి మీది నుంచి కనీసం నాలుగు మీటర్ల ఎత్తులో కట్టు. సిల్వర్ రేకు ఉండచుట్టి సంచిలో వేసి కొయ్యకు వేలాడదీస్తే చాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ సంచిలో ఇడ్లీలు పెట్టుకుంటే ఎక్కువ ఉపయోగం.

రిఫ్లెక్టర్ కట్టినా నిశ్చింతగా పడుకోకు. జోరు వానలో ఓడలు 10 సెంటీమీటర్ల తరంగం రాడార్ మీద ఆధారపడతాయి. మామూలు 3 సెంటీమీటర్ల రాడార్‌తో పోలిస్తే దానికి నీ రిఫ్లెక్టర్ పదో వంతే కనిపిస్తుంది. వాన ముంచుకొస్తుంటే ఓడల దారిలో ఉండకు.

2006 ఆగస్టు 21న, తెల్లారక ముందు, ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ దగ్గర ‘ఊజో’ అనే చిన్న తెరచాప పడవ మునిగింది. అందులోని ముగ్గురూ చనిపోయారు. ‘ప్రైడ్ ఆఫ్ బిల్బావో’ అనే పెద్ద ఫెర్రీ దాన్ని ఢీకొట్టడమో, మరీ దగ్గరగా పోతూ అలల్లో ముంచెయ్యడమో జరిగిందని బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ తేల్చింది. ఆ నివేదిక ప్రతి చిన్న పడవవాడూ చదవాలి. ఫెర్రీ మీద మనిషి కాపలా ఉన్నాడు, కళ్లజోడు ఎండకు రంగు మారే రకం. అలాంటి అద్దాలు చీకట్లోనూ కొంత వెలుగును తినేస్తాయి. పడవ రాడార్‌లో కనపడలేదు. దీపం కంటికి కనిపించేసరికి బాగా దగ్గరికి వచ్చేసింది. చివరి క్షణంలో ఓడ తిప్పిన అధికారి, పడవ బతికిపోయిందనే అనుకుని ముందుకు సాగిపోయాడు. బ్రిడ్జి మీద ఎవరూ నిద్రపోలేదు, అయినా ముగ్గురు పోయారు. ఆ తర్వాత చేయించిన పరీక్షల్లోనే నాలుగంగుళాల గొట్టం రిఫ్లెక్టర్లు పనికిరావని బయటపడింది.

మన దేశపు తీరంలోనూ కథ వేరు కాదు. 2021 ఏప్రిల్‌లో మంగళూరు దగ్గర ‘ఏపీఎల్ లె హావ్ర్’ అనే ఓడ ‘రబా’ అనే చేపల బోటును ఢీకొంది. బోటులోని 14 మందిలో ప్రాణాలతో దొరికినవాళ్లు ఇద్దరే. అది నీ పడవకంటే చాలా పెద్ద బోటు.

ఏఐఎస్, అంటే నీ చోటును రేడియోలో చుట్టూ ఉన్న ఓడలకు చెప్పే పరికరం, పెట్టుకోవాలా అని అడిగావు. డబ్బు ఉంటే తప్పకుండా పెట్టుకో, రంగుల తెరచాప తర్వాత కొనుక్కోవచ్చు. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలన్నిటికీ 2004 చివరి నుంచి ఇది తప్పనిసరి. నీలాంటి చిన్న పడవకు ‘క్లాస్ బి’ ఉంటుంది. రెండు వాట్ల బలంతో అర నిమిషానికి ఒకసారి నీ చోటూ, వేగమూ చెబుతుంది. పెద్ద ఓడలది పన్నెండున్నర వాట్లు. రద్దీ ఎక్కువైనప్పుడు కొందరు అధికారులు తెర మీద క్లాస్ బి గుర్తులను దాచేస్తారు, అది కూడా గుర్తు పెట్టుకో. ముఖ్యంగా, ఓడలు కనిపించే ఫోన్ యాప్ ఒకటి వేసుకున్నానని మురిసిపోకు. దానిలో నువ్వు ఓడలను చూస్తావు. ఓడ నిన్ను చూడదు. దానిలో కనపడే ఓడ కూడా ఒక్కోసారి కొన్ని నిమిషాల కిందట ఉన్నచోటే కనిపిస్తుంది. కొనేటప్పుడు ‘పంపేదా, వినేదా’ అని అడుగు. పంపేదే కావాలి. దానికి 419తో మొదలయ్యే భారతీయ నంబరు తీసుకోవాలి, కాగితాల పని నెమ్మదిగా నడుస్తుంది, ఇప్పుడే మొదలుపెట్టు.

రేడియోలో 16వ ఛానెల్ ఎప్పుడూ వింటూ ఉండు. పిలిచేటప్పుడు ‘నా కుడి పక్క ఓడ’ అనకు, విశాఖ ముందు లంగరేసుకున్న ఓడలే బోలెడు. నీ చోటు అంకెల్లో చెప్పి, ఓడ పేరు కనిపిస్తే పేరుతో పిలువు.

ఓడ నీ మీదికే వస్తోందా అని తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. నువ్వు కదలకుండా కూర్చుని, రెయిలింగు కమ్మీ ఒకదానికి సూటిగా ఓడను పెట్టి చూడు. కాసేపటికి ఓడ ఆ కమ్మీకి ముందుకో వెనక్కో జరిగితే దాటిపోతుంది. అక్కడే ఉండి పెద్దదవుతుంటే ఢీకొట్టేది నిన్నే. అప్పుడు తెరచాప పడవకు మరపడవ దారివ్వాలన్న రూలు తలుచుకోకు. హార్బర్ కాలవ లాంటి ఇరుకు దారిలో ఆ రూలు ఎలాగూ తిరగబడుతుంది, అక్కడ పెద్ద ఓడకు నువ్వే అడ్డం రాకూడదు. బయట సముద్రంలో రూలు నీ వైపు ఉన్నా, ముందుగా, పెద్దగా, వాడికి తెలిసేట్టు తిరుగు. అయిదు డిగ్రీలు అటూ ఇటూ జరిగితే బ్రిడ్జి మీద ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. సముద్రం ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో వెళ్దామని మీ వాళ్లు అంటారు. ఖాళీగా ఉన్నప్పుడే బ్రిడ్జి మీది మనిషి చిన్న దీపాల కోసం వెతకడం తగ్గిస్తాడు. నా లెక్కలో అది మంచి కాలం కాదు, పైగా ఎండాకాలపు గాలివానలు.

బయలుదేరే ముందు ఒక పని చేసి తీరాలి. ఫిషింగ్ హార్బర్‌లో ఒక సరంగును బతిమాలుకో, డీజిలు ఖర్చు నువ్వే పెట్టు. రాత్రి అతని బోటు మైలు దూరం పోయి, తర్వాత రెండు మైళ్లు పోయి నీ పడవను చూడాలి, నువ్వు నాలుగు వైపులా తిరిగి చూపించాలి. అతని మాటకు విలువివ్వు. ఆ నీళ్లలో ఓడల మధ్య బతుకుతున్నవాడు అతను, దీపం కనిపించిందో లేదో మొహమాటం లేకుండా చెబుతాడు. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి, ఎన్ని గంటలకు తిరిగొస్తారో ఒడ్డున ఒకరికి రాసిచ్చి వెళ్లాలి. ఆ సరంగు ‘రెండు మైళ్లకు బాగా కనిపిస్తున్నావమ్మా’ అన్న రోజు నాకు ఫోన్ చెయ్యి. అప్పటి దాకా భీమిలికి పగలు వెళ్లు, కాకినాడ మాట ఎత్తకు.

మీ తాతయ్య
జగదల్‌పూర్